వడియాలతో ఎండిన పెళ్లి పాట

నా పెళ్లికి నేను గుళ్లోకి నడిచి వెళ్లలేదు, పరుగెత్తాను. ఈ మాట చెబితే కొత్తవాళ్లు అదేదో ప్రేమ వ్యవహారం అనుకుంటారు. అదేం కాదు, పెద్దలు కుదిర్చిన సంబంధమే. పైగా నాతోపాటు మా నాన్నగారు కూడా పరుగెత్తారు. దానికంతటికీ కారణం ఒక గ్రామఫోను రికార్డు. ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పకపోతే ఎవరూ నమ్మరు కాబట్టి మొదటినుంచే చెబుతాను.

డెబ్బైల నడిమి సంగతి. మేము బెజవాడలో, గుణదలలో ఉండేవాళ్లం. కొండమీద మేరీమాత ఉన్నచోట కాపురం ఉంటున్నా మేము క్యాథలిక్కులం కాదు, చర్చిని గుడి అని పిలుచుకునే ప్రొటెస్టెంట్లం. అయినా ఏటా తిరనాళ్లకి వచ్చే క్యాథలిక్కు చుట్టాలందరూ మా ఇంట్లోనే దిగేవారు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఇంట్లో అమ్మ, ఆమెకి పైన నాయనమ్మ.

రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. ఆయన రిటైరై మద్రాసులో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఇంట్లో సామాను అమ్మేశాడు. అందరూ వెళ్లి మంచాలూ బీరువాలూ తెచ్చుకున్నారు. నాన్నగారు మాత్రం రికార్డు ప్లేయరు తెచ్చారు. సూట్‌కేసులా మూత ఉండేది దానికి. మూత తీస్తే లోపల గుండ్రంగా తిరిగే పళ్లెం, పక్కన సూది ఉన్న చెయ్యి, ఆ పక్కన స్పీడు మార్చే మర. మూతలోనే స్పీకరు. దాంతోపాటు ఒక చెక్కపెట్టె నిండా రికార్డులు ఇచ్చాడు గార్డుగారు.

ఆ రోజు సాయంత్రం నాన్నగారు మా ముగ్గురినీ చాప మీద కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఆయనకి ఏ వస్తువు కొన్నా పాఠం చెప్పందే వాడుకోవడం చేతకాదు.

"ఇవి మూడు రకాలు. ఇదిగో ఈ బరువైనవి లక్క రికార్డులు. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుతాయి. కింద పడితే అప్పడంలా విరిగిపోతాయి. ఈ చిన్నవి ఈపీలు. నలభై అయిదు చుట్లు. పక్కకి రెండు పాటలు. ఈ పెద్దవి ఎల్పీలు. ముప్పై మూడు చుట్లు. ఒక్కో పక్క ఇరవై నిమిషాల పైన వస్తుంది. ఏ రికార్డుకి ఏ స్పీడో చూసి మర తిప్పాలి. లక్క రికార్డుకి సూది ఇటు తిప్పాలి, మిగతావాటికి అటు. తెలిసిందా?"

"మరి ఈ పదహారు దేనికిరా?" అంది నాయనమ్మ, మర మీద నాలుగో అంకె చూసి. ఆవిడకి చదువు రాదు కానీ అంకెలు వచ్చు.

నాన్నగారికి అది తెలియదు. తెలియదని చెప్పడం ఆయనకి అలవాటు లేదు. "అది నీకు అర్థం కాదులే అమ్మా" అన్నారు.

నాయనమ్మ ఆ మాటని ఎప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజునుంచీ ఆ రికార్డుల్ని పేరుపెట్టి పిలవడం మానేసి "మీ నాన్న అట్ల పెనాలు" అనేది.

ఆ పెనాల్లో ఒక ఎల్పీ ఉంది. ఇంగ్లండులోనో ఎక్కడో పెద్ద చర్చిలో పైపుల ఆర్గాను మీద వాయించిన సంగీతం. మొదటిదే పెళ్లికూతురు గుళ్లోకి వచ్చేటప్పుడు వాయించే పాట. నాన్నగారు దాన్ని ఆదివారం సాయంత్రాలు మాత్రమే వేసేవారు. వేసి కళ్లు మూసుకుని నెమ్మదిగా తల ఊపుతూ, "అమ్మాయ్, నీ పెళ్లికి ఇదే" అనేవారు. అప్పటికి సంబంధం కూడా చూడలేదు. పాట ముందు కుదిరింది, పెళ్లికొడుకు తర్వాత కుదిరాడు.

పెళ్లికొడుకుది గన్నవరం దాటాక లోపలికి ఉన్న పల్లె. వాళ్లు వ్యవసాయం చేసుకునేవాళ్లు. ఆయన పశువుల డాక్టరు. పెళ్లిచూపుల్లో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మా పెరట్లో పక్కింటి ఆవు కుంటుతుంటే లేచి వెళ్లి దాని గిట్ట చూసి వచ్చాడు. "ఇంత ఓర్పుగలవాడు దొరకడు" అంది అమ్మ. నాకేమో ఆయన ఆవుని చూసినంత సేపు నన్ను చూడలేదనిపించింది.

పెళ్లి మా గుళ్లో కాకుండా వాళ్ల ఊళ్లోనే అన్నారు. ఆ ఊరి గుడికి అప్పుడే కొత్తగా పైకప్పు వేశారట. కొత్త కప్పు కింద మొదటి పెళ్లి తన కొడుకుదే కావాలని కాబోయే అత్తగారు మొక్కుకుందట. నాన్నగారు సరేనన్నారు కానీ ఒక్క షరతు పెట్టారు.

"మీ గుళ్లో ఆర్గాను ఉందాండీ?"

"హార్మోనియం ఉందండి. తబలా ఉంది. మా కుర్రాళ్లు బాగా వాయిస్తారండి" అన్నారు మామగారు.

"వాయించనివ్వండి, తర్వాత. మా అమ్మాయి లోపలికి వచ్చేటప్పుడు మాత్రం ఆర్గానే. ఆ ఏర్పాటు నాది."

మే నెలలో ముహూర్తం పెట్టుకున్నారు. బెజవాడలో మే అంటే చెప్పేదేముంది, పగటిపూట కుళాయి తిప్పితే కాఫీకి సరిపడా వేడినీళ్లు వచ్చేవి. నాన్నగారు రోజూ పొద్దున్నే పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లిపోయేవారు. నేను డ్యూటీకి వెళ్లేదాన్ని. అమ్మ పెళ్లి బట్టల కోసం వన్‌టౌను చుట్టూ తిరుగుతూ ఉండేది. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. నాయనమ్మ వరండాలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, కాళ్లు చాపుకుని, మంచి పని చేసిన మనిషిలా కూర్చుని ఉంది.

"మీ నాన్న పెనాలన్నీ కడిగేశానే" అంది.

"ఏ పెనాలు?"

"ఆ పెట్టెలోవి. వేలెడు మందాన దుమ్ము. పెళ్లికి తీసుకెళ్తాం, నలుగురూ చూస్తే మనింట్లో ఆడవాళ్లు లేరనుకోరూ? కుంకుడురసంలో నానబెట్టి, కొబ్బరిపీచుతో ఒక్కోటీ తోమాను. ఎంత నల్లగా నిగనిగలాడుతున్నాయో చూడు!"

"ఎక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి, డాబా మీద. ఎండబెట్టొద్దూ?"

మెట్లు రెండేసి ఎక్కి డాబా మీదికి పరుగెత్తాను. చెప్పుల్లేని కాళ్లు చురుక్కుమన్నాయి. డాబా అంతా తడి పంచెలు పరిచి గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి. మా నాయనమ్మ వడియాలు పెట్టిందంటే వీధికంతటికీ ఏడాదికి సరిపోవాలి. పంచెలు అయిపోయిన చోటునుంచి రికార్డులు మొదలయ్యాయి. ఎల్పీలు వరసగా పరిచి ఉన్నాయి. వాటి మీద కూడా వడియాలు పెట్టి ఉన్నాయి.

ఒక్కో ఎల్పీ మీద చుట్టూ ఎనిమిది, మధ్యలో కాగితం అంటించిన చోట ఒకటి. ఎంతో పొందిగ్గా పెట్టింది. పక్కన లక్క రికార్డుల మీద చిన్న వడియాలు. ఈపీల మీద ఒక్కొక్కటి. ఒక కాకి ఈపీ అంచున కూర్చుని వడియం పొడుస్తోంది. ఎండకి ఎల్పీలు అంచులు పైకి లేచి, మధ్యలో గుంటపడి, నిజంగానే మూకుళ్లయ్యాయి.

నేను అక్కడే కూలబడ్డాను. కాలితే మళ్లీ లేచాను. కిందికి వచ్చి, "నాయనమ్మా, వాటి మీద వడియాలెందుకు పెట్టావు?" అన్నాను.

"పంచెలు సరిపోలేదు. పిండి మిగిలిపోయింది. ఎటూ కడిగినవే కదా అని పెట్టాను" అంది. అప్పుడు నా మొహం చూసి, "ఏం, తప్పా?" అంది.

నాన్నగారు అయిదింటికి వచ్చారు. మేమెవ్వరం ఆయనకి చెప్పలేదు. నాయనమ్మే స్వయంగా చెప్పింది. ఆయన డాబా ఎక్కారు. చాలాసేపు కిందికి దిగలేదు. దిగినప్పుడు రెండు చేతులతో ఆర్గాను ఎల్పీ పట్టుకుని ఉన్నారు. దాని మీద తొమ్మిది వడియాలూ ఇంకా అలాగే ఉన్నాయి. తియ్యడానికి కూడా ఆయనకి చేతులు రాలేదు.

"అమ్మా" అన్నారు చాలా మర్యాదగా. "ఇది ఏమిటి?"

"గుమ్మడి" అంది నాయనమ్మ.

నాన్నగారు తన తల్లి మీద గొంతెత్తే మనిషి కారు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నారు. మర్నాడు అమ్మ ఆ రికార్డుల మీదివే ఓ నాలుగు పచ్చి వడియాలు వేయించి వడ్డించింది, ఏవో తెలియక. నాన్నగారు ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పారు. వడియం అడుగున రికార్డు గీతలు సన్నగా, గుండ్రంగా, ఎంతో శుభ్రంగా అచ్చుపడి ఉన్నాయి. ఆయన దాన్ని వెలుగులో పెట్టి చూశారు.

"ఇది రెండో పాట అయి ఉంటుంది" అన్నారు. కంచం పక్కకి పెట్టి లేచి వెళ్లిపోయారు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పారిపోయాను.

మూడోనాడు మావయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు. ఆటోనగర్‌లో లారీల కమాన్లు సరిచేసే షెడ్డు ఆయనది. బరువుకి వంగిపోయిన ఇనప కమానుని కాల్చి, సమ్మెట దెబ్బలతో మళ్లీ దారికి తేవడం ఆయన పని. లోకంలో వంగినది ఏదైనా తిన్నగా చెయ్యొచ్చని ఆయన నమ్మకం. ఎల్పీని అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో కొట్టి చూశాడు.

"బావగారూ, పది టన్నుల లోడు మోసే కమాన్లనే నిలబెడుతున్నాం. ఇదో లెక్కా? పొద్దున్న పంపండి, సాయంత్రానికి పలకలా చేసిస్తా."

"సమ్మెట వాడకూడదు" అన్నారు నాన్నగారు.

"వాడనండీ బాబూ."

"నిప్పు కూడా."

మావయ్య కొంచెం ఆలోచించాడు. "నిప్పు లేకుండా ఎలాగండీ?"

అందుకని నాన్నగారు పరీక్ష పేపర్లకి సెలవు పెట్టి తనే ఆటోనగర్ వెళ్లారు. నేనూ వెళ్లాను, ఎందుకంటే ఆ పెళ్లి నాది. షెడ్డులో చమురు మరకల మధ్య నాన్నగారు తెల్ల పంచెతో నిలబడి లెక్క చెప్పారు. వేడి కావాలి కానీ నిప్పు కాదు, ఎండ చాలు. బరువు కావాలి కానీ దెబ్బ కాదు, ఒత్తిడి చాలు. మావయ్య రెండు ఇనప పలకలు తెప్పించాడు. నాన్నగారు వాటిని పాత పంచె ముక్కతో తుడిచి, మధ్యలో రెండు పొరల న్యూస్‌పేపరు పరిచి, రికార్డుని పడుకోబెట్టారు. చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టే పెట్టారు. పై పలక మూశాక, ఇటుకల లోడుతో ఉన్న ఒక లారీని మెల్లగా వెనక్కి నడిపించి, వెనక చక్రం పలక మీదికి ఎక్కించారు. నాన్నగారు కళ్లు మూసుకున్నారు.

లారీ డ్రైవరు దిగి వచ్చి, "లోపలేవుందండీ?" అని అడిగాడు.

"మా అమ్మాయి పెళ్లి" అన్నారు నాన్నగారు.

డ్రైవరు నా వంక చూసి, తలపాగా సర్దుకుని, ఇంకేం అడక్కుండా వెళ్లి టీ తాగాడు.

సాయంత్రం లారీ దింపి పలక తీశారు. రికార్డు తిన్నగా అయింది. అంటే, దాదాపుగా. ఒక చోట మాత్రం చిన్న కెరటం మిగిలిపోయింది. అంతకుమించి, మధ్యలో చిల్లు సాగి కోడిగుడ్డులా అయింది. ఇంటికి తెచ్చి ప్లేయరు మీద పెడితే సూది ఆ కెరటం దగ్గరికి రాగానే పైకెగిరి ముందుకి దూకింది. నాన్నగారు చిల్లులో అట్టముక్క గుండ్రంగా కత్తిరించి బిగించారు. సూది ఎగరకుండా దాని చెయ్యి మీద ఒక పావలా బిళ్ల అంటించారు. దాంతో పాట మొదటినుంచి చివరిదాకా వచ్చింది. కెరటం వచ్చినప్పుడల్లా ఆర్గాను వాడికి ఎక్కిళ్లు వచ్చినట్టు వినిపించేది, అంతే.

"ఎవరికీ తెలియదు" అన్నారు నాన్నగారు. "నువ్వు మాత్రం తాళం తప్పకూడదు. ఒక దెబ్బకి ఒక అడుగు. నేను నీ పక్కనే ఉంటాను."

ఆ తర్వాత పది రోజులూ సాయంత్రం పూట మా వరండాలో రిహార్సల్సు జరిగాయి. నాన్నగారి చెయ్యి పట్టుకుని ఒక దెబ్బకి ఒక అడుగు వేస్తూ నేను వీధి వాకిలినుంచి వంటింటి దాకా నడిచేదాన్ని. తాళం తప్పితే మళ్లీ వాకిలి దగ్గర్నుంచే. పాట ఆగేదాకా అడుగు ఆపకూడదు. అది ఆయన నియమం. నాయనమ్మ గడపలో కూర్చుని చూసేది. తన వల్ల వచ్చిన కష్టమని తెలుసు కాబట్టి ఏమీ అనేది కాదు. ఒక్కసారి మాత్రం, "ఇంత మెల్లగా నడిస్తే పెళ్లికొడుకు నిద్రపోడుటే?" అంది.

పెళ్లిరోజు పొద్దున్న తొమ్మిదింటికి మేము ఆ పల్లె చేరేసరికి కరెంటు లేదు. అర్ధరాత్రి గాలివానకి స్తంభం పడిపోయిందట. మైకుసెట్టు అతను జనరేటరు తెచ్చాడు. చిన్న ఇంజను, గుడి వెనక చింతచెట్టు కింద పెట్టి తాడు లాగి స్టార్టు చేశాడు. దాని పొగ, చప్పుడు అంతా ఊరికి పండగే. నాన్నగారు ప్లేయరుని గుడి లోపల ఒక మూల స్టూలు మీద పెట్టి తీగ కలిపారు. దాని మూత స్పీకరు ముందు మైకు పెట్టారు. అంతా సిద్ధమయ్యాక అప్పుడు ఆయనకి ఒక సంగతి తోచింది. నా చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది ఆయన. మరి మూల కూర్చుని రికార్డు వేసేదెవరు?

ఇన్ని లెక్కలు వేసిన మనిషి ఈ ఒక్కటీ వెయ్యలేదు.

మావయ్యే ముందుకొచ్చాడు. "నేనున్నానుగా బావగారూ, సూది దింపడమేగా!"

వేరే దారి లేదు. నాన్నగారు ఆయనకి పాఠం చెప్పారు. "నేను చెయ్యి ఎత్తగానే సూది దించు. మళ్లీ నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోవద్దు." మావయ్య తలూపాడు. అయితే ఏదన్నా సరిగా నడవకపోతే ముట్టుకోకుండా ఉండడం ఆయన వృత్తికే విరుద్ధం. ఆ సంగతి మాకు అప్పుడు తట్టలేదు.

గుడి నిండిపోయింది. పెళ్లికొడుకు ముందు నిలబడ్డాడు. పక్కన పాస్టరు అయ్యగారు పుస్తకం పట్టుకుని కళ్లజోడు వెతుక్కుంటున్నారు. నేను తెల్లచీరలో, తలమీద ముసుగుతో, గుమ్మంలో నిలబడ్డాను. నాన్నగారు చెయ్యి ఎత్తారు. మావయ్య సూది దించాడు.

అదే క్షణంలో ఎవరో పెద్దమనిషి, ఉక్కపోస్తోందని ఫాన్లు వెయ్యమన్నాడు. మూడు ఫాన్లు ఒక్కసారి తిరగడం మొదలుపెట్టేసరికి ఆ చిన్న ఇంజను మొరాయించింది. దాని చప్పుడు సన్నగిల్లింది. దానితోపాటు రికార్డు తిరగడం కూడా మందగించింది. పెద్ద చర్చిలో పెద్ద ఆర్గాను మీద వాయించిన ఆ పాట మైకులోంచి "అంబా... ఆఁ... అంబా..." అని వచ్చింది.

గుడి వెనక కట్టేసి ఉన్న ఒక గేదె వెంటనే బదులిచ్చింది.

పెళ్లికొడుకు తల అటు తిరిగింది. నాకు ముసుగులోంచి స్పష్టంగా కనబడింది. చెవులు రిక్కించి, ఒక అడుగు పక్క గుమ్మం వైపు వేశాడు. తోడుపెళ్లికొడుకు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

నాన్నగారు పళ్లు బిగించి, "తాళం, తాళం" అన్నారు. మేము ఒక అడుగు వేశాం. తర్వాతి దెబ్బ రావడానికి ఎంతసేపు పట్టిందంటే మేము ఒక కాలు ముందుకి పెట్టి కొంగల్లా నిలబడిపోయాం. నాలుగో అడుగు పడేసరికి వెనకబెంచీలో ఎవరో, "పాపం, పిల్లకి కాలు నొప్పేమో" అన్నారు.

ఇది చూసి మావయ్యకి ఊరుకోబుద్ధి కాలేదు. పాట నెమ్మదిగా ఉంది, స్పీడు మర ఎదురుగా ఉంది. తిప్పేశాడు. నలభై అయిదు దాటించి, సరాసరి డెబ్బై ఎనిమిదికి. అక్కడ చెట్టుకింద మైకుసెట్టు అతనికి కూడా పాట పాడైపోతోందని బాధ కలిగి, ఇంజనుకి పెట్రోలు పెంచాడు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు నాకు సాయం చేశారు.

పాట కీచుమని లేచింది. ఆర్గాను కాస్తా జాతరలో పిల్లలు ఊదే బూరల గోలైపోయింది. దెబ్బల మీద దెబ్బలు పడ్డాయి. ఇప్పుడు ఇంకెవరైనా అయితే తాళం సంగతి వదిలేసి మామూలుగా నడిచేవారు. మా నాన్నగారు లెక్కల మాస్టారు. ఒక దెబ్బకి ఒక అడుగు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "అమ్మాయ్, తప్పకు!" అన్నారు.

పరుగెత్తాం. మొదట చిన్న చిన్న అడుగులు, తర్వాత నిజంగానే పరుగు. ముసుగు వెనక్కి ఎగిరింది. పూలగుత్తిలోంచి గులాబీలు రాలాయి. బెంచీల్లో కూర్చున్నవాళ్లు మా వెనక ఎవరైనా తరుముతున్నారేమోనని గుమ్మం వైపు చూశారు. ఒకాయన లేచి చెప్పులు కూడా వెతుక్కున్నాడు. అయ్యగారికి కళ్లజోడు దొరికి ఆయన తలెత్తేసరికి మేము ఆయన ఎదురుగా ఉన్నాం. నేను ఆగలేక ఆయన బల్లని పట్టుకున్నాను.

పాట మాత్రం ఆగలేదు. ఎందుకంటే సూది సరిగ్గా ఆ కెరటం దగ్గర ఇరుక్కుంది. పావలా బిళ్ల ఆ వేగానికి ఎప్పుడో ఎగిరిపోయింది. అదే ముక్క, "టట్టట్టీ, టట్టట్టీ, టట్టట్టీ" అని తిరిగి తిరిగి వస్తోంది. పాట ఆగేదాకా అడుగు ఆపకూడదు కదా. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని అక్కడే, అయ్యగారి ముందు, పెరేడులో పోలీసుల్లా కదం తొక్కడం మొదలుపెట్టారు. నేనూ తొక్కాను. పది రోజుల అలవాటు. కాళ్లు నా మాట వినలేదు.

"అమ్మా, చేరుకున్నారమ్మా, ఇక చాలు" అన్నారు అయ్యగారు. "మాస్టారూ, ఆగండి. మాస్టారూ!"

మావయ్య ప్లేయరు మీద చేతులు పెట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. ఇక ముట్టుకోకూడదని అప్పుడు గుర్తొచ్చిందట ఆయనకి.

మొదటి బెంచీలోంచి నాయనమ్మ లేచింది. ఎవరి వంకా చూడలేదు. తిన్నగా స్టూలు దగ్గరికి వెళ్లి, మూకుట్లోంచి గారె తీసినంత తేలిగ్గా సూది ఎత్తి పక్కన పెట్టింది. పాట ఆగింది, మా కాళ్లూ ఆగాయి. వెనక గేదె ఇంకొక్కసారి అరిచి ఊరుకుంది.

"ఊఁ, కానివ్వండి అయ్యగారూ" అంది నాయనమ్మ.

కానివ్వడం అంత సులువు కాలేదు. పెళ్లికొడుకు భుజాలు కదులుతున్నాయి. మొదట ఏడుస్తున్నాడేమో అనుకున్నాను, తీరా చూస్తే నవ్వు ఆపుకుంటున్నాడు. అయ్యగారు, "ఈమెను నీ భార్యగా అంగీకరిస్తున్నావా?" అని అడిగితే ఆయన నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, పక్కకి తిరిగి గోడ వంక చూసి ఊపిరి పీల్చుకున్నాడు. నాకు అవమానంతో ఒళ్లు మండిపోయింది. మూడోసారి అడిగాక "అంగీకరిస్తున్నా" అన్నాడు, కళ్లలో నీళ్లతో. నా వంతు వచ్చేసరికి నేను ఎంత కోపంగా "అంగీకరిస్తున్నాను" అన్నానంటే అయ్యగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

భోజనాల దగ్గర మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. నేను విస్తరాకు వంక చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయనే మెల్లగా అన్నాడు.

"ఒక మాట చెబితే ఏమీ అనుకోకు. మొదట ఆ పాట వచ్చినప్పుడు గేదె ఈనుతోందనుకున్నాను. కష్టకాన్పేమో, వెళ్లి చూడాలనిపించింది."

"వెళ్లకపోయారా" అన్నాను.

"నువ్వు అంత పరుగున వస్తుంటే ఎలా వెళ్తాను?"

కోపంగానే ఉందామనుకున్నాను. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం అంత నిజాయితీగా ఉంటే నవ్వొచ్చేసింది. ముద్ద పొలమారింది. ఆయన నా వీపు మీద తట్టాడు. ఆ తట్టడం కాస్త గట్టిగానే, పశువుల్ని తట్టినట్టే ఉంది. మా సంసారం అక్కడినుంచి మొదలైంది.

నాన్నగారు మాత్రం భోజనానికి రాలేదు. చెట్టుకింద కుర్చీలో, ఒళ్లో రికార్డు పెట్టుకుని కూర్చున్నారు. నాయనమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. నేను కొంచెం దూరంలో ఉన్నాను కాబట్టి విన్నాను.

"ఒరే నాన్నా, తప్పు నాదే" అంది.

"కాదమ్మా. ఫాన్లది" అన్నారు నాన్నగారు.

"పోనీ ఒకటి చెప్పు. నువ్వా పిల్లని అలా పరుగెత్తించి తీసుకెళ్లావు, తాళం ఒక్కటైనా తప్పిందా?"

నాన్నగారు వేళ్ల మీద లెక్క చూసుకున్నారు. "లేదు" అన్నారు. ఆ తర్వాత లేచి వెళ్లి అన్నం తిన్నారు.

మా అత్తవారి ఊళ్లో అంతకుముందు ఎవరూ ఆర్గాను పాటతో పెళ్లి చూడలేదు. కాబట్టి వాళ్లకి అందులో తప్పేమిటో తెలియలేదు. దొరల దేశంలో పెళ్లికూతుళ్లు మొదట ఆగి ఆగి నడిచి, తర్వాత పరుగున వస్తారని, చివర్లో కదం తొక్కుతారని వాళ్లు గట్టిగా నమ్మారు. పైగా అది వాళ్లకి బాగా నచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే ఊరి పెద్దాయన ఒకరు గుణదల వచ్చి, మనవరాలి పెళ్లికి ప్లేయరు తెమ్మని నాన్నగార్ని బతిమాలారు. ఈసారైనా పద్ధతిగా చేద్దామని నాన్నగారు ఎంతో ఉత్సాహంగా వెళ్లారు. ఆ రోజు కరెంటు ఉంది. నేను కోడలి హోదాలో మూడో బెంచీలో కూర్చున్నాను.

నాన్నగారు మర ముప్పై మూడు మీద పెట్టి సూది దించారు. పాట గంభీరంగా, నెమ్మదిగా, ఒక ఎక్కిలితో సహా మొదలైంది. పెళ్లికూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. కదల్లేదు. తాతగారు గబగబా నాన్నగారి దగ్గరికి వచ్చారు.

"మాస్టారూ, ఇదేం పాటండీ? మీ అమ్మాయికి వేసింది వెయ్యండి."

"ఇదేనండీ అది. ఆ రోజు పొరపాటున..."

"మీ పిల్లకి ఒకటీ, మా పిల్లకి ఒకటీనా అండీ?" అన్నారాయన బాధగా. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

నాన్నగారు నా వైపు చూశారు. నేను బైబిలు అడ్డం పెట్టుకున్నాను. అయ్యగారు ముందే కళ్లజోడు పెట్టుకుని, బల్ల కాస్త వెనక్కి జరుపుకున్నారు.

నాన్నగారు ఒక్క నిట్టూర్పు విడిచి, మర డెబ్బై ఎనిమిదికి తిప్పారు. పిల్ల చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుంది. బెంచీల్లో వాళ్లంతా ముందుకి వంగి, దారి ఇచ్చారు.